అంగడాయన సేనాపతులు

పోయిన సంవత్సరం హిందూపురంలో ఆయనకు సంతాపసభ జరిగింది. మైకు ముందుకు వచ్చిన ఒక పెద్దమనిషి, "ఆయన పుస్తకాలన్నీ చదివాను. మహానుభావుల్లో మంచి తప్ప మరొకటి చూడని కలం అది. ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్క తప్పు ఎత్తి చూపలేదు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తర్వాత నన్ను పిలిస్తే, నేనూ వెళ్ళి ఇంచుమించు ఆ మాటే చెప్పి వచ్చి కూర్చున్నాను.

అది అబద్ధం. ఆయన ప్రతి పుస్తకం చివరా ఆ నాయకుడి తప్పుల మీద ఒక అధ్యాయం రాశాడు. ప్రతి పుస్తకం నుంచీ ఆ అధ్యాయాన్ని నేను తీసేశాను. ఆ సంగతి అందరికీ తెలియాలనే ఇది రాస్తున్నాను. అయితే ముందు ఆయన ఎట్లాంటివాడో చెప్పాలి. చెప్పబోతే పశ్చాత్తాపం కన్నా ముందు నవ్వు వస్తోంది. అందుకు బాధ్యత ఆయనదే.

పెనుకొండ బజారులో ఆయనకు కిరాణా అంగడి ఉండేది. గద్దె మీద కూర్చుని, తొడ మీద అట్ట పెట్టుకుని, బెల్లం అచ్చులకూ చింతపండు బుట్టలకూ మధ్య యుద్ధకాలపు నాయకుల జీవితచరిత్రలు రాసేవాడు. రాజులు, సేనాపతులు, యుద్ధం నడిపిన ప్రధానులు. ఏ దేశమైనా సరే, ఏ కాలమైనా సరే, యుద్ధం ఒకటి ఉంటే చాలు. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళు ఆ నాయకుల పక్షాలు పట్టి వాదులాడుకుంటారు, మా అంగడాయన మధ్యలో నలిగిపోతాడు.

"మామా, ఉప్పు ఒక కిలో ఇయ్యి" అని ఎవరైనా వస్తే ఆయన తల ఎత్తేవాడు కాదు.

"ఉండప్పా. సైన్యం నది దాటుతాండాది. సగం మంది ఇంగా ఈ పక్కే ఉండారు."

"వాళ్ళు దాటేలోపల మా ఇంట్లో చారు ఇగిరిపోతాది మామా!"

"అట్లయితే నువ్వే తూకం ఏసుకోని పో. నేను మధ్యలో ఆపితే వాళ్ళు మునిగిపోతారు."

వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ తూకం వేసుకుని పోయేవాళ్ళు. కొందరైతే ఉప్పు మరిచిపోయి, సైన్యం దాటిందా లేదా తేలేదాకా అక్కడే నిలబడేవాళ్ళు.

పొట్లాలు కట్టే పాత పేపర్లే ఆయన గ్రంథాలయం. ప్రతి కాగితాన్నీ అటూ ఇటూ చదివి, యుద్ధం లేదని తేలాకే దాంట్లో జీలకర్ర పోసేవాడు. ఒకసారి ఏ దేశంలోదో ఒక కోట ముట్టడి గురించి వచ్చిన వ్యాసంలో కింది సగం, ఎండుమిరపకాయలతో పాటు ఎవరింటికో వెళ్ళిపోయింది. ఆయన చెప్పులు వేసుకుని వీధివీధీ తిరిగి ఆ ఇల్లు పట్టుకున్నాడు.

"మిరపకాయలు డబ్బాలోకి వంపుకోని ఆ కాగితం ఇయ్యమ్మా. దాంట్లో కోట ఉండాది" అన్నాడు.

"యాడిది మామా, పొద్దున్నే పొయ్యిలో ఏసేస్తిని" అందట ఆ ఇల్లాలు.

ఆయన అంగడికి తిరిగి వచ్చి, 'కోట కాలిపోయింది' అని రాసి ఆ అధ్యాయం ముగించేశాడు. తర్వాత ఎప్పుడో బెంగళూరు వెళ్ళి పాత పుస్తకాల అంగళ్ళలో వెతికి చూస్తే, ఆ కోట నిజంగానే కాలిపోయిందట. ఈ కథ ఆయన చెప్పగా చాలాసార్లు విన్నాను. చెప్పినప్పుడల్లా తనే ముందు నవ్వేవాడు.

యుద్ధాన్ని ఆయన అంగడి పద్ధతిలోనే అర్థం చేసుకునేవాడు. ఎంత గొప్ప సేనాపతి పేరు ఎత్తినా ఆయన మొదటి ప్రశ్న ఒక్కటే: "వానికి ఉప్పు యాడనుంచి వస్తాండె?" ఎవరైనా ఆ సేనాపతి గుర్రం గురించో కత్తి గురించో మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "కత్తి ఎవుడైనా తిప్పుతాడు. బియ్యం ఎవుడు మోసినాడో చెప్పు."

ఇంకొక అలవాటు కూడా ఉండేది. సరుకులో లోపం ఉంటే ముందు అదే చెప్పేవాడు. కందిపప్పు అడిగితే, "పాతది. బిరీన ఉడకదు. ముందే నానేసుకో" అని చెప్పి అప్పుడు తూచేవాడు. బెల్లం అడిగితే అచ్చును తిరగేసి, "అడుగున తడి ఉండాది చూడు, నీకు ఇష్టమైతేనే తీసుకో" అనేవాడు. లోపలినుంచి భార్య తల కొట్టుకునేది.

"సరుకు అమ్మేకి కూర్చున్యావా, తిట్టేకి కూర్చున్యావా?"

"మనం తిట్టి అమ్మితే, రేపొచ్చి వాళ్ళు మనల్ని తిట్టరే" అనేవాడు.

నాకు ఆయన పరిచయమైంది హిందూపురంలో. మా నాయన పోయాక మా ప్రెస్సు నా చేతికి వచ్చిన కొత్త. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, బడిపిల్లలకు బహుమతులుగా ఇచ్చే చిన్న పుస్తకాలు, ఇవీ మా పనులు. మార్కెట్టుకు చింతపండు కోసం వచ్చిన ఆయన ఒకనాడు సంచిలోంచి కాగితాల కట్ట తీసి నా బల్ల మీద పెట్టాడు. కట్టంతా చింతపండు వాసన.

"ఏమప్పా, యుద్ధాలు అచ్చేస్తావా?"

"మా దగ్గర శుభకార్యాలే ఎక్కువండీ" అన్నాను.

"ఏదైతేనేమి. రెండింట్లోనూ భోజనాలే గదా ముఖ్యం" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కట్టలో మొదటి కాగితం చదివాను. ఆపలేకపోయాను. ఒక సేనాపతి పుట్టుకతోనో వంశంతోనో కాకుండా, వర్షంలో తడిసిన పిండి బస్తాలను చూసి అతను దిగాలుపడి కూర్చున్న పొద్దుతో ఆ పుస్తకం మొదలైంది. అట్లా మొదలుపెట్టేవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు. అచ్చు వేస్తానన్నాను. రెండోసారి వచ్చేటప్పటికే నేను ఆయనకు 'అల్లుడు' అయిపోయాను. పెనుకొండకు వెళ్ళినప్పుడు ఆ పిలుపు విని ఆయన భార్య, "ఇంట్లో ఆడపిల్లను పెట్టుకోని బజార్లో పోయేవాళ్ళందర్నీ అల్లుడా అంటే ఎట్లప్పా?" అని కసురుకుంది. అప్పటికి బడికి పోయే వయసులో ఉన్న ఆ అమ్మాయి, నాన్న నన్ను అల్లుడా అన్నప్పుడల్లా, "మంచినీళ్ళు కావాల్నా, అన్నా?" అని వీధంతా వినిపించేట్టు అడిగేది.

ఒక ఆదివారం నన్ను పెనుకొండ కొండ ఎక్కించాడు. నాకు ఆయాసం వచ్చినచోటల్లా ఆయన చరిత్ర చెప్పేవాడు. ఆయనకు ఆయాసం వచ్చినప్పుడు నన్ను చెప్పమనేవాడు.

"ఈ ఊరికి రాజధాని యాల వచ్చిందో చెప్పు చూద్దాం."

"విజయనగరం వాళ్ళు తళ్ళికోటలో ఓడిపోయాక వచ్చింది కదా."

"ఆ. ఓడిపోయినారు. బడిలో మాకు చెప్పిన అయ్యవారు ఆడికి పుస్తకం మూసేసినాడు. అందరూ అంతే. ఆ పక్కరోజు పొద్దున లేసి వాళ్ళేం చేసినారు? ఎసట్లోకి నీళ్ళు యాడ తెచ్చుకున్యారు? ఏడ్చే ఆడోల్లకు ఏం చెప్పినారు? ఎవురూ రాయలేదు." బురుజు గోడకు ఆనుకుని కిందున్న ఊరివైపు చెయ్యి చాపాడు. "మా ఊరంతా ఆ పక్కరోజే అల్లుడా."

కాసేపటికి మళ్ళీ తనే అన్నాడు. "గెలిచినోనికి తను యాల గెలిచినాడో తెలీదు. తెలుసు అనుకుంటాడు. ఓడిపోయినోనికి బాగా తెలుసు. పాపం, వాణ్ణి ఎవురూ అడగరు. నేను అడుగుతా. అందుకే నా పుస్తకంలో కడాకు తప్పులు రాస్తా. చరిత్ర చదివేది దానికే గదా? లేకపోతే బెల్లం తిన్నట్ల తీయగుంటాది, అంతే."

కొండ మీద తల ఊపినవాణ్ణి నేనే. కొండ దిగి హిందూపురం వచ్చాక కోసినవాణ్ణీ నేనే.

బడులు కొనే పుస్తకం ముప్పై రెండు పేజీలు ఉండాలి. మొదటి పుస్తకం అంతకు మించిపోయింది. మా దగ్గర పుస్తకాలు తీసుకునే ఒక హెడ్మాస్టరు కాగితాలు తిరగేసి, "అంతా బాగుంది. ఆ చివరిది ఎందుకండీ? పిల్లలకు ఆయనలాగా కావాలనిపించాలి గానీ, ఆయన తప్పులు వీళ్ళకెందుకు?" అన్నాడు. చివరి అధ్యాయం తీసేస్తే పేజీలు సరిగ్గా సరిపోయాయి. హెడ్మాస్టరూ సంతోషించాడు. రాసినాయన్ను ఒక మాట అడగాలన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. అడిగితే ఒప్పుకోడని అడగలేదు.

పుస్తకం అచ్చయ్యాక ఆయన వచ్చాడు. అట్టను అరచేత్తో నిమిరాడు. ఒక్కొక్క పేజీ తిప్పాడు. చివరికి వచ్చి ఆగి, మళ్ళీ వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు వచ్చి, వెనక అట్ట లోపల కూడా చూశాడు.

"అల్లుడా, పప్పులో రాళ్ళు ఏరినట్ల లేదే ఇది. పప్పే ఏరేసినట్ల ఉండాది."

నేను పేజీల సంగతి చెప్పాను. హెడ్మాస్టరు మాట చెప్పాను. ఆయన టీ తాగుతూ అంతా విన్నాడు.

"సరేలే. పిల్లోల్లకు మహానుభావుల తప్పులు చెప్పగూడదు. ఈ పిల్లోల్లే పెద్దయినాక ఒక తప్పు చేస్తారు గదా. అప్పుడు 'ఇంత పెద్దోల్లలో ఎవురూ చెయ్యలేదు, నేనొక్కణ్ణే చేస్తిని' అనుకోని మూలకు కూర్చోని ఏడుస్తారు. ఆ రోజు వాళ్ళ చేతికి ఏం పుస్తకం ఇస్తావు?"

వెనక యంత్రం గట్టిగా తిరుగుతోంది. వినపడనట్టు ఉండిపోవడానికి అది సాయం చేసింది.

ఆయన మానుకుంటాడనుకున్నాను. మానలేదు. తర్వాతి పుస్తకం చివరా తప్పుల అధ్యాయం ఉంది. నేను మళ్ళీ తీసేశాను. ఆ తర్వాతి పుస్తకం చివరా ఉంది. ఆ కాగితాలు ఇచ్చేటప్పుడు ఆయనే వేరుగా తీసి, పైన పెట్టి ఇచ్చేవాడు. "ఇదిగో నువ్వు కోసేది. వెతుక్కునే పని లేకుండా పైనే పెట్టినా."

"కోస్తానని తెలిసి ఎందుకు మామా శ్రమ?"

"పప్పు పాతదంటే సగం మంది వినరు. వినరని చెప్పకుండా తూచి ఇస్తానా?"

"ఇంకో ప్రెస్సుకు పోవచ్చుగదా."

"ఆడ ఏం కోస్తారో ఎవురికి తెలుసు? నీదైతే యాడ కోస్తావో నాకు తెలుసు" అని నవ్వేవాడు.

రాసింది అచ్చుకు ఇచ్చే ముందు ఆయన ధర్మవరం వెళ్ళి తన చిన్ననాటి జతగాడికి చదివి వినిపించేవాడు. ఆ జతగాడు మగ్గం నేసేవాడు. పట్టుచీరల మగ్గం. గుంతలో కాళ్ళు పెట్టుకుని, రోజంతా కదలకుండా కూర్చునే మనిషి కాబట్టి లేచి పారిపోలేడని అంగడాయన ధీమా. ఒకసారి ధర్మవరంలో చీరల అంగళ్ళకు క్యాలెండర్లు ఇవ్వడానికి పోతూ నేను కూడా వెంట వెళ్ళాను. పెనుకొండలో రైలు ఎక్కినప్పటినుంచీ ఆయన చేతిలో కాగితాలు, పెదాల మీద యుద్ధం.

ఆరోజు చదివింది ఒక సేనాపతి తన సైన్యాన్ని మంచులోంచి వెనక్కి నడిపించుకుని వచ్చిన కథ. ఆయన చదివే తీరు చెప్పాలి. గొంతు పెంచేవాడు కాదు. సామాను చీటీ చదివినట్టు చదివేవాడు: ఎంతమంది బయలుదేరారు, ఎన్ని దుప్పట్లు ఉన్నాయి, గుర్రాలకు ఏం పెట్టారు, గుర్రాలనే ఎప్పుడు తిన్నారు. వింటూంటే మనకే ఆకలి వేసేది. జతగాడి చెయ్యి ఆడుతూనే ఉంది, కన్ను మాత్రం కాగితం మీద ఉంది. చివరికి మిగిలినవాళ్ళు ఊరి పొలిమేర చేరారు. జతగాడు గట్టిగా ఊపిరి వదిలి చీరవైపు చూసుకున్నాడు. వెంటనే అరిచాడు.

"నీ యుద్ధం పాడుగాను! నీ సైన్యం ఇల్లు చేరింది సరే. నా పోగు తెగి ఎంతసేపయిందో చూడబ్బా! జానెడు నేసేస్తిని. ఇంగ ఇదంతా ఊడదీయాల!"

అంగడాయన వంగి చూశాడు. చీరలో సన్నని గీత ఒకటి కనిపిస్తోంది. బాధపడతాడనుకున్నాను. ఆయన జేబులోంచి పెన్సిలు తీశాడు.

"రేయ్, ఇదే. వాడు చేసిన తప్పు కూడా ఇదే. ముందునడిచే వాళ్ళతో మాట్లాడుకుంటా పోయినాడు గానీ, వెనకాల తెగిపోయినోల్లను చూసుకోలేదు. శానా దూరం పోయినాక తెలిసింది."

"తెలిసినాక ఏం చేసినాడు? వెనక్కి పోయినాడా?"

"పోలేదు."

"నేనైతే ఊడదీస్తా" అన్నాడు జతగాడు. అంటూనే ఊడదీయడం మొదలుపెట్టాడు. "ఊడదీయకుండా అమ్మితే కట్టుకున్న పెండ్లికూతురు నన్ను తిడతాది. నీ సేనాపతిని తిట్టేవాళ్ళు ఎవురూ లేకుండిరా?"

"ఉండ్రి. చచ్చిపోయినారు" అన్నాడు అంగడాయన. మగ్గం మీద ఇంకో వరస ఊడింది. తర్వాత జతగాడే, "పోనీలే, టీ తెప్పించు. చీర చెడగొట్టినందుకు అదే శిక్ష" అన్నాడు.

ఆ మాటలన్నీ ఆయన తప్పుల అధ్యాయంలో రాశాడు. నేను విన్నవే, నా కళ్ళ ముందు పుట్టినవే. అయినా కోసేశాను. ఆ పుస్తకం బాగా అమ్ముడుపోయింది.

తప్పులు లేని పుస్తకాలు చదివినవాళ్ళు ఆయనకొక పేరు పెట్టారు: భజన మామ. హిందూపురంలో ఒక పుస్తకావిష్కరణ సభలో, కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన, "ఈయన పుస్తకాల్లో ఫిరంగి గుండు తగిలినవాడు కూడా సేనాపతికి కృతజ్ఞతలు చెప్పి పడిపోతాడు" అన్నాడు. సభంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది అంగడాయనే. నవ్వుతూ ఒక్కసారి నావైపు చూశాడు. నేను వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాను. పట్టీ బాగానే ఉంది.

బస్టాండుకు నడుస్తూ, "నువ్వే చెప్పి ఉండొచ్చుగదా మామా, నేను కోశానని" అన్నాను.

"చెప్పాల్సింది నేను కాదు గదా అల్లుడా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. వెంటనే, "ఈడ మిరపకాయ బజ్జీలు బాగుంటాయి, పా" అన్నాడు. బజ్జీలు తిన్నాము. బజ్జీ కట్టి ఇచ్చిన కాగితాన్ని ఆయన నూనె తుడిచి, అటూ ఇటూ చదివి, "యుద్ధం లేదు" అని పారేశాడు.

ఆ తర్వాత కూడా ఆయన రాశాడు, నేను కోశాను. ఆయన చెయ్యి వణకడం మొదలుపెట్టి రాయలేకపోయేదాకా అట్లాగే నడిచింది. ఆయన పోయాక సంతాపసభలో నేను ఏం చేశానో మొదటే చెప్పాను.

ఈమధ్య ఆయన కూతురు ఫోను చేసింది. పెళ్ళయి పెనుకొండలోనే ఉంది, అంగడి ఇప్పుడు తనే చూసుకుంటోంది. "నాయన పుస్తకాలన్నీ కలిపి ఒకటే పుస్తకంగా ఏయిస్తాండా అన్నా. ముందుమాట మీరే రాయాల" అంది. సరేనన్నాను. రాయడానికి కూర్చున్నాను. 'మహానుభావుల్లో మంచిని మాత్రమే' అన్నంతవరకు రాసి, కలం మూసేసి, మర్నాడు పెనుకొండ బస్సు ఎక్కాను.

అంగట్లో ఎవరూ లేని సమయం చూసి ఆమెకు అంతా చెప్పాను. తక్కెట్లో చక్కెర పోస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"నేను బడికి పోయేటప్పుడు మా క్లాసులో పిల్లోల్లు నన్ను చూసి చిడతలు వాయించినట్ల చేస్తాండ్రి. భజన మామ కూతురొచ్చె అని. ఏడ్చుకుంటా ఇంటికొస్తే నాయన నవ్వుతాండె. ఎందుకు నవ్వుతాండాడో నాకు ఇంతవరకూ తెలీదు." తక్కెడ కింద పెట్టింది. "మీకు తెలుసు. ఊరక చూస్తా ఉండిపోయినారు."

"అవునమ్మా."

"ఆ కాగితాలు ఉండాయా?"

"లేవు. అప్పటికప్పుడే యంత్రం మసి తుడవడానికి వాడేశాం."

"ఇంట్లో ఇంకో ప్రతి లేదు. నాయన ఒకటే రాస్తాండె." చక్కెర తిరిగి బస్తాలో పోసేసింది. "అయితే పుస్తకం వద్దన్నా. తప్పులు లేని పుస్తకం మళ్ళా ఏయిస్తే నాయనను రెండోసారి భజన మామను చేసినట్లే. నేను చెయ్యను."

లేచి నిలబడ్డాను. ఆమె కూడా లేచి, అంగడి తలుపులు దగ్గరికి వేసింది.

"యాడికి పోతాండారు? ధర్మవరం పెద్దాయనకు నాయన అన్నీ చదివి వినిపిస్తాండె గదా. ఆయనకు ఏమన్నా గుర్తుండాయేమో చూద్దాం, రాండి."

ధర్మవరం జతగాడు ఇప్పుడు మగ్గం దిగేశాడు. వీధరుగు మీద దిండు వేసుకుని కూర్చుని ఉన్నాడు. మేము వచ్చిన పని చెబితే నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నువ్వేనా కోసినోడు? నేను వాణ్ణి అడిగితిని, ఎవుడురా ఆ కత్తెరగాడు అని. చెప్పలేదు. 'మంచి పిల్లోడే, భయస్తుడు' అన్యాడు."

అంగడాయన కూతురు కాగితాలు తీసింది. పెద్దాయన గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాడు. కథలు బోలెడు గుర్తున్నాయి, కానీ అన్నీ కలిసిపోయాయి. ఎడారిలో పోయిన సైన్యాన్ని మంచులో పడేశాడు. ఏనుగులున్న రాజుకు విమానాలు ఇచ్చాడు. అంగడాయన కూతురు రాస్తూ, కొట్టేస్తూ, నవ్వుతూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ ఉంది. ఇట్లయితే పుస్తకం కాదని ముగ్గురికీ తెలుస్తూనే ఉంది.

"ఇంగొకటి ఉండాది చూడు" అన్నాడు పెద్దాయన. "కోటలో నెలలు నెలలు ఆకలికి ఓర్చుకోని, కడాకు గెలిచిన ప్రభువు కథ. దాంట్లో తప్పు ఏమని రాసినాడంటే, 'గెలిచిన రోజు ఈ దొంగనాయాలు తన బొమ్మ చెక్కేకి రాయి తెప్పించినాడు గానీ, మీరు తిన్యారా అని ఒక్కణ్ణీ అడగలేదు.'"

"కాదు పెద్దాయనా" అన్నాను. "గెలిచిన రోజు ఆ మహానుభావుడు శిల్పిని పిలిపించాడు. వంటవాణ్ణి పిలిపించలేదు. కోటలో ఆకలి ఆరోజు కూడా నిన్నటంతే ఉంది. ఓడిన రోజుల్లో తమతో కలిసి గంజి తాగిన ప్రభువు, గెలిచిన రోజు తమను మరిచాడని సైనికులు ఒకరికొకరు చెప్పుకోలేదు. అందరికీ తెలిసిన సంగతి ఎవరు ఎవరికి చెబుతారు?"

ఆగి చూస్తే ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

"ఇది నాయన రాతే" అంది ఆ అమ్మాయి మెల్లగా. "మాట మాటా నాయనదే. మీకు గుర్తుండాది."

నాకు కూడా అప్పుడే తెలిసింది. ఒక అధ్యాయాన్ని ఊరికే తీసి పక్కన పెట్టలేము. దాని జాడ ముందు పేజీల్లో ఎక్కడా మిగలకూడదు. అందుకోసం దాన్ని మళ్ళీ మళ్ళీ చదవాలి. అచ్చు వేసిన పేజీలను నేను ఒకసారి దిద్దేవాణ్ణి. కోసిన పేజీలను అంతకన్నా ఎన్నోసార్లు చదివాను. ఆయన పుస్తకాల్లో ఈరోజుకూ నాకు నోటికి వచ్చేవి అవే.

"మొదటి పుస్తకం నుంచి చెప్పండి" అని ఆమె కొత్త కాగితం తీసింది. నేను చెప్పాను. ఎక్కడైనా తడబడితే పెద్దాయన కథ అందించేవాడు, కథ దొరికితే నాకు వాక్యం దొరికేది. ఆమె మధ్యమధ్యలో ఆపి, "ఈ మాట నాయనది కాదు. నాయన ఇట్ల అనడు" అని గీత కొట్టేది. నేను కొట్టనిచ్చాను. ఆరోజు హిందూపురం బండి పోయింది. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ధర్మవరం వెళ్ళామో లెక్క పెట్టలేదు. అధ్యాయాలు అన్నీ వచ్చాయని చెప్పలేను. వచ్చినవి వచ్చినట్టు వేస్తున్నాము. ఏవి గుర్తు రాలేదో, ఎవరివల్ల పోయాయో ముందుమాటలో రాశాను.

ఒక్కచోట మాత్రం పెద్దాయనకూ నాకూ రాజీ కుదరలేదు. కాగితం మీద 'మహానుభావుడు' అనే ఉందని నేను. తనకు చదివింది 'దొంగనాయాలు' అనేనని ఆయన. "ఆ మాట తీసేస్తే నేను ఇంగ ఏమీ చెప్పను. మళ్ళా కత్తెర తెచ్చినావా?" అని దిండు మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. అంగడాయన కూతురు నావైపు చూసింది.

ఇద్దరి మాటా నిజమే అయి ఉండాలి. రెండూ వేస్తున్నాము. పాఠంలో 'మహానుభావుడు' అని ఉంటుంది. పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో: 'ధర్మవరంలో చదివి వినిపించినప్పుడు దొంగనాయాలు అన్నారు.'